రెండున్నర ఆక్సిజన్

3వ తేదీ, సోమవారం

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మా హాల్లోని గోడగడియారం ఈ ఉదయం నుంచి సరైన టైము చూపిస్తోంది. ఈ విశేషాన్ని ప్రజలందరూ గమనించి, తదనుగుణంగా నడుచుకోవలసిందిగా ప్రార్థన.

ప్రజలంటే నేనొక్కణ్ణే. ఈ పుస్తకం ఇంకెవరూ చదవరు.

ఆ గడియారాన్ని పది నిమిషాలు ముందుకి తిప్పేది నేనే. అత్తయ్య మా ఇంట్లో ఉండటానికి వచ్చిన మర్నాటి నుంచీ తిప్పుతున్నాను. ఆవిడ బళ్ళో సైన్సు చెప్పి రిటైరయిన మనిషి. టైమంటే ప్రాణం. నేను ఇలా తిప్పితే చాలు, వంటింట్లోంచే పసిగట్టేది. ముల్లు సరిచేసి, "అల్లుడుగారూ, మీకు వయసొచ్చింది గానీ..." అని అక్కడితో ఆపేది. మిగతాది నేను పూరించుకోవాలి.

బాత్రూంలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఎముక బాగానే అతుక్కుంటోంది అన్నాడు డాక్టరు. కానీ లేచి నడవాలట. ఇప్పుడు నడవకపోతే కండలు సడలిపోయి ఇక ఎప్పటికీ లేవదట. ఆవిడేమో గోడవైపు తిరిగి పడుకుంది. వాకరు మంచం పక్కన నిలబడే ఉంది, ఎవరో చుట్టం వచ్చి కూర్చోమనేవాళ్ళు లేక నిలబడ్డట్టు.

"అమ్మా, కొంచెం లేవవే" అంటుంది మా ఆవిడ.

"లేచి ఏం చెయ్యాలే?" అంటుంది గోడతో.

వారం నుంచి గడియారం తప్పుగా ఉంది. ఒక్క మాట అనలేదు. చివరికి నేనే ఎక్కి సరిచేశాను. నేను తిప్పింది నేనే సరిచేసుకోవడం! ఇంతకంటే దిక్కుమాలిన బతుకుంటుందా?

4వ తేదీ, మంగళవారం

ఉన్న తలనొప్పి చాలదన్నట్టు ఇంకొకటి. నేను పనిచేసే వెల్డింగు షాపులో గ్యాసు టార్చి పట్టుకునేవాళ్ళందరూ రాతపరీక్ష పాసవ్వాలట. 23వ తేదీ ఆదివారం, పదింటికి, షాపులోనే. రసాయన సమీకరణాలు తుల్యం చెయ్యాలట. తప్పితే టార్చి లాక్కుని గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెడతారట.

పగిలిన సైలెన్సర్లు అతికేవాడికి రసాయనం దేనికి? నేను మంట చూస్తే చెప్తాను, గ్యాసు ఎక్కువో ఆక్సిజన్ ఎక్కువో. అది పరీక్ష కాదట. కాగితం మీద రాయాలట.

నేను ఏడో క్లాసుతో ఆపేశాను. బడి బెంచీలు నాకు పొట్టివి, అందుకు.

మా ఆవిడ కుట్టుమిషన్ ఆపి అడిగింది. "మరి ఎవర్ని అడిగి నేర్చుకుంటారు?"

"ఎవరున్నారు?" అన్నాను, కొంచెం గట్టిగా, తలుపు తీసి ఉన్న గదివైపు చూస్తూ.



6వ తేదీ, గురువారం

పాతపుస్తకాల కొట్లో సైన్సు పుస్తకం ఒకటి తెచ్చాను. అత్తయ్య గది గుమ్మంలో వెలుతురు బాగుంటుందని అక్కడే కుర్చీ వేసుకుని పైకి చదవడం మొదలుపెట్టాను.

"హెచ్‌టూ ప్లస్ ఓటూ, బాణం గుర్తు, హెచ్‌టూఓ."

బాణానికి ఎడమపక్క ఉన్నవన్నీ కుడిపక్క కూడా అన్నే ఉండాలట. ఎడమపక్క ఓ-లు రెండు, కుడిపక్క ఒకటే. ఇదా ఇంత పెద్ద చదువు! తక్కువున్నచోట ముక్క అతికితే సరి. కుడిపక్క ఓ కింద నేను కూడా చిన్న రెండు తగిలించాను. "అయిపోయింది. హెచ్‌టూఓటూ. లెక్క సరిపోయింది" అని ప్రకటించాను.

"తప్పు."

ఎవరన్నారో అని అటూ ఇటూ చూశాను. గోడ మాట్లాడినట్టుంది.

"తప్పెలా అవుతుంది అత్తయ్యా? రెండూ రెండూ."

"అది నీళ్ళు కాదు. పుండ్లు కడిగే మందు. తాగితే ఆస్పత్రికి పోతారు."

"సరే అయితే, ఎడమపక్క ఓటూలో ఒకటి కోసేస్తాను."

"కొయ్యకూడదు."

"ఎందుకు కొయ్యకూడదు? పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చేసే పనే అది."

"ఆక్సిజన్ ఎప్పుడూ జంటగానే తిరుగుతుంది. కొయ్యడానికి అదేమన్నా నీ సైలెన్సరు గొట్టమా?"

నీ! ఇన్నేళ్ళలో మొదటిసారి నన్ను నువ్వు అంది. నా పెళ్ళిలో కూడా 'మీరు' అన్న మనిషి.



7వ తేదీ, శుక్రవారం

కొయ్యకూడదు, అతకకూడదు. మరి వెల్డర్ని దేనికి పిలిచినట్టు?

8వ తేదీ, శనివారం

ఈ రోజు కాగితం ఆవిడ కళ్ళ ముందు పెట్టాను, తలకిందులుగా. పడుకున్న మనిషికి ఎలా పెట్టినా ఒకటే కదా అన్నాను.

"నన్ను కూర్చోబెట్టు" అంది.

మా ఆవిడ సూది వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఇద్దరం కలిసి వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని నా రాత చూసి, చాలాసేపు కళ్ళు మూసుకుంది. నొప్పేమో అనుకున్నాను. కాదు, నా రాత.

"విను. కింద ఉన్న చిన్న అంకెలు ముట్టుకోకు. అవి ఆ వస్తువు ఒంట్లోవి. ముందు మాత్రం ఎంత పెద్ద అంకె కావాలంటే అంత వేసుకో. ముందు వేసింది మొత్తానికీ వర్తిస్తుంది. నీళ్ళ ముందు రెండు వెయ్యి."

వేశాను.

"ఇప్పుడు ఆక్సిజన్?"

"రెండూ రెండూ. సరిపోయింది."

"హైడ్రోజన్?"

"అది కూడా చూడాలా?"

మళ్ళీ కళ్ళు మూసుకుంది.

చివరికి హెచ్‌టూ ముందు కూడా రెండు వేస్తే సరిపోయిందట. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. నీళ్ళు తయారుచెయ్యడానికి ఇంత గొడవైతే మనుషులు పంపు కింద బిందె ఎందుకు పెట్టుకుంటారో ఇప్పుడు అర్థమైంది.

"పరీక్షకి సిలబస్ ఏమిటి?" అని అడిగింది.

"ఓనరుని అడిగి చెప్తా."

"సిలబస్ లేకుండా పరీక్షేమిటి?" అని గొణుక్కుంది. టీచర్లకి ఇదో జబ్బు.

10వ తేదీ, సోమవారం

షాపులో పడి ఉన్న రేకుకి నల్లరంగు కొట్టి బోర్డు చేసి తెచ్చాను. అత్తయ్య గదిలో మేకు దిగలేదు. ఎంత కొట్టినా దిగలేదు. హాల్లో మాత్రం ఒక్క దెబ్బకే దిగింది. ఏం చేస్తాం, గోడల గుణం.

"హాల్లో పెడితే నాకెలా కనిపిస్తుంది?" అంది.

"కనిపించదు" అన్నాను విచారంగా.

నావైపు చూసింది. వాకరువైపు చూసింది. నడిపించడానికి వచ్చే ఫిజియో అమ్మాయి అప్పుడే వచ్చింది, ఆవిడ భుజం పట్టుకుంది. మంచం నుంచి గుమ్మం, గుమ్మం నుంచి హాలు. మధ్యలో ఆగి రొప్పింది. చెమటలు పట్టేశాయి. హాల్లోకి రాగానే మొదట చేసిన పని, బోర్డు మీద నేను రాసింది అరచేత్తో తుడిచెయ్యడం.

ఫిజియో అమ్మాయి నన్ను పక్కకి పిలిచి, "మీలాంటి అల్లుడు కోటికొక్కడు ఉంటాడండీ" అంది.

ఓనరు పరీక్ష మాట మళ్ళీ ఎత్తలేదు. మరిచిపోయాడేమో. నేనూ గుర్తుచెయ్యలేదు.

12వ తేదీ, బుధవారం

ఈ రోజు తుప్పు. ఇనుము, ఆక్సిజన్ కలిస్తే తుప్పు. తుప్పులో ఇనుములు రెండు, ఆక్సిజన్లు మూడు. ఎడమపక్క ఇనుము ఒంటరిది, ఆక్సిజన్ జంట.

ఇనుము సరిచేస్తే ఆక్సిజన్ చెడుతుంది. ఆక్సిజన్ సరిచేస్తే ఇనుము చెడుతుంది. కుంటుతున్న స్టూలు కాళ్ళు కోసుకుంటూ పోయినట్టుంది. ఒక కాలు కోస్తే ఇంకోటి పొడుగు, అది కోస్తే మొదటిది పొడుగు. చివరికి స్టూలు మిగలదు, పీట మిగుల్తుంది.

"అంచనాగా వెయ్యకు" అంటుంది. "లెక్కపెట్టు."

"లెక్కపెట్టే వేశా."

"ఎడమపక్క ఆక్సిజన్లు ఎన్ని?"

"మూడు."

"మూడు జంటలా, మూడు ఒంటరివా?"

"ఏవైతేనేం, మూడేగా!"

సుద్దముక్క నా వైపు విసిరింది. గురి బాగానే ఉంది. "తుప్పు దానంతటదే పడుతుంది కదా అత్తయ్యా, నేను దాన్ని తుల్యం చేస్తేనే పడతానందా?" అని ఒక్కటి అంటించాను.

14వ తేదీ, శుక్రవారం

తుప్పు. మళ్ళీ తుప్పు. బుర్రకి కూడా.

బోర్డు మీద 'అత్తయ్య ప్లస్ వాకరు, బాణం గుర్తు, అల్లుడి తలనొప్పి' అని రాసి, "దీన్ని తుల్యం చెయ్యండి చూద్దాం" అన్నాను. కొంచెం నవ్వింది. ఆ నవ్వుతోనే ఆగి ఉంటే బాగుండేది.

"బడి ఎందుకు మానేశావు?" అంది.

"బెల్లు కొట్టే పని నాకిమ్మన్నాను, ఇవ్వలేదు. అలిగి వచ్చేశాను."

"నిజం చెప్పు."

"మా హెడ్మాస్టరుకి నా అందం చూసి అసూయ."

"నిజం చెప్పమన్నాను."

ఏమైందో తెలీదు, ఒళ్ళు మండిపోయింది. పొద్దంతా మంట ముందు నిలబడి వచ్చి, మళ్ళీ ఇక్కడ చిన్నపిల్లాడిలా నిలబడాలా? "మీలాంటి టీచర్ల వల్లే మానేశాను" అన్నాను. గట్టిగానే అన్నాను.

సుద్దముక్క బోర్డు అంచు మీద పెట్టింది. వాకరు తిప్పుకుంది. ఎవరినీ పట్టుకోనివ్వలేదు. గదిలోకి వెళ్ళి పడుకుంది.

మా ఆవిడ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

15వ తేదీ, శనివారం

గోడవైపు.

16వ తేదీ, ఆదివారం

గోడవైపు. ఫిజియో అమ్మాయి వచ్చి, ఎంతో బతిమాలి, వెళ్ళిపోయింది.

"నువ్వెళ్ళి ఒక్క మాట చెప్తే అరిగిపోతావా?" అంది మా ఆవిడ. మామూలుగా నన్ను మీరు అంటుంది, కోపమొస్తే నువ్వు.

"ఏం మాట?"

"నీకు తెలీదా?"

తెలుసు. గుమ్మం దాకా వెళ్ళాను. 'క్షమించండి' అనే మాట నా నోట్లో ఎప్పుడూ సరిగా కూర్చోదు. అన్నా, వెక్కిరించినట్టే వినిపిస్తుంది. వెనక్కి వచ్చేశాను.

గడియారం పది నిమిషాలు ముందుకి తిప్పి చూశాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. మళ్ళీ సరిచేశాను.

17వ తేదీ, సోమవారం

మధ్యాహ్నం షాపులో పని లేదు. డబ్బాలోంచి నట్లు తీశాను, అవి ఇనుములు. వాషర్లు తీశాను, అవి ఆక్సిజన్లు. వాషర్లని రెండేసి చొప్పున తీగతో కట్టేశాను, చెయ్యి ఊరుకోక ఎక్కడ విడదీస్తానో అని. తుప్పు కోసం రెండు నట్లూ మూడు వాషర్లూ కలిపి మూట కట్టాను.

ఒక మూటకి మూడు వాషర్లు. ఒక జంట విప్పి, రెండోది విప్పితే ఒకటి మిగిలిపోతోంది. ఆ మిగిలిందాన్ని ఎక్కడ పెట్టాలి? పారేయకూడదు, కొయ్యకూడదు. దాన్ని చేతిలో పట్టుకుని బల్ల ముందు వెర్రివాడిలా కూర్చున్నాను. షాపులో బుల్లెట్ అని ఒకడున్నాడు, మాట్లాడితే ఆపడు కాబట్టి ఆ పేరు. వాడొచ్చి, "ఏంటన్నా, గచ్చకాయలాడుతున్నావా?" అన్నాడు.

అప్పుడు తట్టింది. మిగిలింది పారేసేది కాదు, ఇంకో మూట మొదలుపెట్టేది! మూటలు రెండు కడితే వాషర్లు ఆరు. ఆరంటే మూడు జంటలు, ఏదీ మిగలదు. నట్లు నాలుగు.

నాలుగు, మూడు, రెండు. బల్ల మీద కొట్టాను. బుల్లెట్ గాడు ఉలిక్కిపడి టీ ఒలకబోసుకున్నాడు.

సాయంత్రం వాటిని పళ్ళెంలో పెట్టి, అత్తయ్య మంచం పక్కన స్టూలు మీద అమర్చాను. ఎడమపక్క నట్లూ జంటలూ, మధ్యలో మేకు ఒకటి బాణంలా, కుడిపక్క రెండు మూటలు. ఒక నట్టు మాత్రం నా జేబులో ఉంచుకున్నాను. గుమ్మం బయట నిలబడ్డాను.

చాలాసేపటికి ఇనుము చప్పుడు వినిపించింది. ఇటు తిరిగింది. వేలితో ఒక్కొక్కటీ తోస్తూ లెక్కపెట్టింది.

"ఇనుము ఒకటి తక్కువ" అంది.

జేబులోంచి తీసి పళ్ళెంలో పెట్టాను. ఆవిడ దాన్ని చూసింది, నా జేబు చూసింది.

"నాకు వయసొచ్చింది గానీ..." అన్నాను.

మిగతాది ఆవిడ పూరించలేదు. "ఈ తీగలు కట్టింది నువ్వేనా?" అని మాత్రం అడిగింది.

19వ తేదీ, బుధవారం

షాపు నుంచి వచ్చేసరికి బోర్డు ముందు నిలబడి ఉంది. పక్కన ఎవరూ లేరు. నేను చూడనట్టు నటించి చెప్పులు విడవడానికి చాలాసేపు తీసుకున్నాను.

22వ తేదీ, శనివారం

రేపే పరీక్ష. మా ఆవిడ చొక్కాకి ఇస్త్రీ చేసింది, రెండు పెన్నులు తెచ్చింది. ఆ పెన్నుల్ని చూడబుద్ధి కాలేదు. ఎందుకో నాకే తెలుసు.

అత్తయ్య చల్లగా చెప్పింది. "రేపు నేనూ వస్తాను."

"ఎక్కడికి?"

"పరీక్షకి. లోపలికి రానులే. బయట కూర్చుంటాను."

"వద్దత్తయ్యా, ఎండ."

"పదింటికి ఎండేమిటి?"

"వీధిలో గుంటలు."

"నువ్వున్నావుగా."

మా ఆవిడ ఆనందంతో తల్లి చెప్పులు వెతకడానికి వెళ్ళింది. నన్ను ఎవరైనా ఎత్తుకుపోతే బాగుండును.

23వ తేదీ, ఆదివారం

షాపు మా వీధి చివరే. ఆవిడ ముందు వాకరుతో, వెనకాల నేను కుర్చీ మోసుకుంటూ. అలిసినప్పుడు "కుర్చీ" అంటుంది, వేస్తాను. కూర్చుంటుంది, లేస్తుంది, మళ్ళీ ఎత్తుకుంటాను. వీధంతా వాకిళ్ళలోకొచ్చి చూసింది. "ఎక్కడికండీ ఊరేగింపు?" అన్నారెవరో. "అల్లుడికి పరీక్ష" అంది, గర్వంగా.

దారంతా ఒకటే ఆలోచన, షటరు ముందుకెళ్ళాక ఏం చెప్పాలి? వాయిదా పడిందనా? ఓనరుకి జ్వరమనా?

షాపు మూసి ఉంది. ఆదివారం కదా. పిట్ట లేదు.

"తాళం నీ దగ్గర ఉంటుందిగా, తియ్యి" అంది.

తీశాను. లోపలికొచ్చి, బల్ల మీద దుమ్ము ఊది, నా కుర్చీలో తను కూర్చుంది. చేతిసంచీలోంచి మడిచిన కాగితం తీసి నా ముందు పెట్టింది. చక్కటి ముత్యాల్లాంటి అక్షరాలు. పైన 'సమయం: ఒక గంట. ఉత్తీర్ణతకు 35 మార్కులు.'



"సిలబస్ అడుగుదామని మీ ఓనరుకి ఆ శనివారమే ఫోన్ చేశాను" అంది. "ఏ పరీక్షండీ అన్నాడు."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెబితే నువ్వు నేర్చుకుంటావా?"

"నేర్చుకోను."

"చెబితే నేను లేస్తానా?"

నేను పెన్ను మూత తీశాను.

"మాటలు చాలు. టైము మొదలైంది. పక్కకి చూడకు."

"పక్కన ఎవరున్నారు చూడ్డానికి?"

"మాట్లాడితే ఐదు మార్కులు పోతాయి."

రాశాను. నీళ్ళు వచ్చాయి. తుప్పు వచ్చింది. ఇంకేవో రెండు సగం సగం వచ్చాయి. ఆఖరి ప్రశ్న అసిటిలీను, నా టార్చిలో మండే గ్యాసు. నా సొంత మంట. ఇదైనా రాకపోతే ఎలా అనుకున్నాను. లెక్కపెట్టుకుంటూ వెళ్తే ఆక్సిజన్ దగ్గర రెండున్నర జంటలు కావాలని తేలింది. అర జంట! కొయ్యకూడదు. రెట్టింపు చెయ్యాలి, నాకు తెలుసు. ఐదు వేశాను. పెన్ను కింద పెట్టాను.

ఆవిడ ఎర్రపెన్ను కూడా తెచ్చుకుంది.

"ఆక్సిజన్ రెట్టింపు చేశావు. గ్యాసెవరు చేస్తారు? మిగతావెవరు చేస్తారు? ఒక గ్యాసుకి ఐదు జంటల ఆక్సిజన్. నీ టార్చి ఇలాగే వెలిగిస్తావా?"

చూశాను. బుస్సుమని కూస్తూ, ఇనుముని కాల్చిపారేసే మంట అది. షాపులో ఎవరైనా అలా పెడితే చెవి మెలిపెట్టేవాణ్ణి.

కింద వేసింది, ముప్ఫై నాలుగు.

"ఒక్క మార్కత్తయ్యా!"

"ఒక్కటే."

"రాతకి ఒకటి వెయ్యండి."

"నీ రాతకా?" అని సంచీ మూసింది. "తప్పావు. వచ్చే ఆదివారం మళ్ళీ రాద్దువుగాని. కుర్చీ తీసుకో."

24వ తేదీ, సోమవారం

ఇందులో కల్పించినవి ఏవో రాసిపెట్టుకోవాలి, లేకపోతే కొన్నాళ్ళకి నేనే నమ్మేస్తాను.

పరీక్ష కల్పన. ఓనరు ఏమీ అనలేదు, గేటు దగ్గర స్టూలూ లేదు. ఈ పుస్తకంలో కూడా అబద్ధమే రాశాను, ఎందుకంటే నేను నమ్మకపోతే నా మొహం చూసి ఆవిడ పట్టేస్తుంది. అయినా పట్టేసింది. గదిలో మేకు దిగకపోవడం కల్పన, అసలు కొట్టనేలేదు. కోటికొక్కడు అని ఫిజియో అమ్మాయి అనలేదు, "కొంచెం పక్కకి జరగండి" అంది. బుధవారం తుప్పు గురించి అత్తయ్యకి ఒకటి అంటించానని రాశాను. ఏమీ అంటించలేదు. సుద్దముక్క తగిలాక తల వంచుకుని కూర్చున్నాను.

బడి మానేసిన కారణాలన్నీ కల్పనే. టీచర్ల వల్ల కూడా కాదు. నాకు లెక్కలు రాక మానేశాను. అంతే. ఈ ముక్క ఈ పొద్దున అత్తయ్యకి చెప్పాను. "ఇప్పుడైనా ఏం వచ్చాయి?" అంది.

గడియారం కిందకి దించి, వాకరు పట్టుకుని చెయ్యి చాపితే అందేంత ఎత్తులో మేకు కొట్టాను. పది నిమిషాలు ముందుకి తిప్పాను. ఇది నిజం. షాపుకి బయల్దేరుతుంటే లోపల్నుంచి "అల్లుడుగారూ!" అని కేక వినిపించింది. అదీ నిజమే.

ఆఖరి ప్రశ్న కావాలనే తప్పు రాశాను, ఆవిడ వచ్చే ఆదివారం కూడా నడవాలని, అని రాద్దామనుకున్నాను. మా ఆవిడతో అలాగే చెప్పాను కూడా. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

అది కల్పన. నాకు నిజంగానే రాలేదు.